మా అక్కను కేసు అన్నారు

హిందూపురంలో నేను ఇంగ్లీషు చెప్పే కాలేజీలో ప్రతి ఏడూ ఒక పాఠం దగ్గర తడబడతాను. మన విభక్తుల్లాంటివాటిని ఇంగ్లీషు వ్యాకరణంలో కేసు అంటారు. బోర్డు మీద ఆ మాట రాయగానే వెనక బెంచీల్లో గుసగుసలు మొదలవుతాయి. కిందటేడు ఒక అమ్మాయి లేచి అడిగేసింది.

“మేడమ్, కేసంటే పోలీసులు పెట్టేది కదా? గ్రామర్లో కేసేమి మేడమ్?”

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, రేపు చెప్తాను కూర్చోమన్నాను. జవాబు తెలియక కాదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో, ఏయే అర్థాలు మోసుకుని తిరుగుతోందో నేను ఎప్పుడో వెతికి పెట్టుకున్నాను. అది పాఠం కోసం వెతికింది కాదు. మా అక్క అడిగితే వెతికాను.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. ఇంటి ముందుగదిలోనే గుంత మగ్గం ఉండేది. కాళ్లు కిందికి వదిలి కూర్చోవడానికి నేలలో గుంత తవ్వి, దాని మీద మగ్గం బిగిస్తారు. అక్క పదో తరగతితో చదువు ఆపి నాయన మగ్గంలో కూర్చుంది. కొంగు నేయడంలో ఆమె చేతికి పేరుండేది. వీధిలో వాళ్లు చీరంతా తామే నేసుకుని, కొంగు దగ్గరికి వచ్చేసరికి “పాపను ఒక పూట పంపించప్పా” అని నాయనను అడిగేవాళ్లు. నాయన కాస్త బెట్టు చేసి పంపేవాడు. ఆ అడిగించుకోవడం ఆయనకు ఇష్టం.

అక్కకు చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉంది. వచ్చినప్పుడు నిలబడ్డచోటే కూలిపోయేది. హిందూపురంలో ఒక డాక్టరు మాత్రలు రాసిచ్చి, ఒక్క పూట కూడా మానొద్దని చెప్పాడు. వేసుకున్నంత కాలం రాలేదు. మగ్గంలో కూర్చున్న రెండేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. ఇల్లంతా ఆ సంగతి మరిచిపోయిందనే చెప్పాలి. అక్క మాత్రం రోజూ రాత్రి అన్నం తిన్నాక మాత్ర వేసుకుని, నోరు తుడుచుకుని పడుకునేది.

పెనుకొండ నుంచి సంబంధం వచ్చింది. అతనికి బోరు మోటార్లు రిపేరు చేసే షాపు ఉంది. మనిషి నెమ్మది. మాటలు ఖాయం కాగానే నాయన అక్కను కూర్చోబెట్టుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను.

“రెండేండ్లాయ రాక. పోయినట్లే అనుకో. మాత్రల డబ్బా చేతిలో పట్టుకొని అత్తగారింటికి పోతావా? ఈ పొద్దుటి నుంచి మానేయ్. ఈ మాట గడప దాటగూడదు.”

“డాక్టరు మానొద్దన్నాడు నాయనా.”

“డాక్టరు చేసుకుంటాడా నిన్ను?”

అమ్మ ఏదో అనబోయి, నాయన ముఖం చూసి లోపలికి పోయింది. మాత్రలు ఆగిపోయాయి.

నిశ్చితార్థం తర్వాత ఒక మధ్యాహ్నం ఆ అబ్బాయి పెళ్లిచీర ఎంతవరకు వచ్చిందో చూస్తానని ఇంటికి వచ్చాడు. నాయన బజారుకు పోయి ఉన్నాడు. అమ్మ కాఫీ కలపడానికి లోపలికి పోయింది. ఆ కాసేపట్లో అక్క మగ్గంలో కూర్చునే అతనితో చెప్పేసింది. ఆ సాయంత్రం అనంతపురంలో హాస్టల్లో ఉన్న నాకు ఫోన్ చేసింది. గొంతులో భారం దిగిపోయిన మనిషి మాట్లాడినట్టు మాట్లాడింది.

“చెప్పేసినానే. పడిపోతాంటా, మాత్రలు మింగల్ల అని అంతా చెప్పినా. ‘దానికేముందిలే, మందు ఉండాది కదా’ అన్నాడు. వాళ్లమ్మకు మాత్రం ఇప్పుడే చెప్పొద్దంట. ఆయనే నిదానంగా చెప్తాడంట.”

“నాయనకు తెలిస్తే?”

“తెలీనీ. పెండ్లయినాక ఆయనతో బతికేది నేను కదా.”

పెళ్లయింది. కొన్ని నెలలు బాగానే గడిచింది. మాత్రల సంగతి అక్క అడిగినప్పుడల్లా అతను రేపు తెస్తా, ఎల్లుండి తెస్తా అన్నాడట. తల్లి కంటపడకుండా ఇంట్లోకి ఎట్లా తేవాలో అతనికి తోచలేదు. ఒకరోజు పొద్దున వీధి కొళాయి దగ్గర, బిందె నిండుతుండగా, అందరి ముందూ అక్క పడిపోయింది. బిందె మీద పడింది. పెదవి చీలింది. ఇరుగుపొరుగు చేతిలో తాళాలు పెట్టారు, కాళ్లు పట్టుకున్నారు. అత్త మాత్రం గడప దిగి రాలేదట.

హిందూపురంలో ఆసుపత్రికి తీసుకొచ్చారు. నేను అనంతపురం నుంచి బస్సెక్కి వచ్చేసరికి అక్క కళ్లు తెరిచి ఉంది. వార్డులోకి ఒక నర్సమ్మ వచ్చి గట్టిగా అడిగింది.

“ఫిట్స్ కేసు ఎవరమ్మా? పెనుకొండ కేసు?”

ఆ మాట మా ఇంటి మనిషి మీద పడడం అదే మొదలు. తర్వాత స్కానింగుకు తీసుకుపోయే మనిషి వచ్చి, “ఈ కేసేనా?” అన్నాడు. అక్క వాచిన పెదవితో “నాకు పేరుండాది” అంది. అతను వినిపించుకోలేదు. అతనిలో చెడు ఏమీ లేదు. రోజూ అంతమందిని తోసుకుపోయేవాడికి అది పనిమాట.

పాతాయన కాదు, వేరే డాక్టరు వచ్చి మంచం చుట్టూ ఉన్నవాళ్లను చూశాడు. నాయన, అమ్మ, బావ, అతని తల్లి, నేను.

“ఇది పాత కేసా, కొత్త కేసా? ముందెప్పుడైనా వచ్చిందా?”

బావ నేల చూశాడు. అక్క నోరు తెరిచేలోపే నాయన అందుకున్నాడు.

“లేదు సార్. ఇదే మొదలు.”

డాక్టరు మాత్రలు రాశాడు. ఆ చీటీ చూస్తే అవే మాత్రలు. నాయన మాన్పించినవే.

విశ్రాంతి కోసం అక్కను ధర్మవరం తీసుకొచ్చాం. అప్పుడే ఎవరో బంధువు నోరు జారాడు, చిన్నప్పుడు కూడా వచ్చేవి కదా అని. అది పెనుకొండకు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒకరోజు మా ఇంటి ముందు ఆటో ఆగింది. అందులో మనుషులెవరూ లేరు. పెళ్లికి నాయన కొనిచ్చిన ముదురెరుపు సూట్‌కేసు ఉంది. ఆటోవాడు దాన్ని అరుగు మీద పెట్టి, “ఇచ్చి రమ్మన్నారు” అని వెళ్లిపోయాడు. చీరలన్నీ చక్కగా మడిచి సర్దారు. అంత శ్రద్ధగా సర్దింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మడతలు చూసే అక్క ఏడ్చింది. విసిరేసినట్టు పంపి ఉంటే ఏడ్చేది కాదేమో.

పెనుకొండ కోర్టు నుంచి నోటీసు వచ్చింది. జబ్బు దాచి మోసంతో పెళ్లి చేశారని, ఆ పెళ్లి చెల్లదని ప్రకటించాలని అతను కేసు వేశాడు.

అక్కడి నుంచి మా ఇంట్లో ఆ మాట తప్ప వేరే మాట లేదు. కేసు ఎప్పుడు, కేసు ఏమైంది, కేసు వాయిదా పడిందా. వీధిలో మాత్రం కేసంటే మా అక్కే. “ఫలానా వాళ్లింట్లో మెంటల్ కేసు ఉంది” అనేవాళ్లు. ఆ జబ్బుకూ మతికీ సంబంధం లేదని ఎవరికి చెప్పగలం? కొంగు నేయడానికి పిలిచేవాళ్లు పిలవడం మానేశారు. గుంతలో పడితే మా మీదికి వస్తాదని ఒకామె అమ్మ ముఖానే అంది. చివరికి నాయన కూడా అక్కను మగ్గం ఎక్కనివ్వలేదు. అక్క వంటింట్లో కూర్చుని ముందుగదిలో మగ్గం చప్పుడు వింటూ ఉండేది. “నాయన కొంగు వదులుగా నేస్తాండాడు, పోగు మీద దెబ్బ గట్టిగా పడలే” అని నాతో మెల్లగా అనేది.

మా తరఫున ఒక లాయరును పెట్టుకున్నాం. పెద్దాయన, పెనుకొండలోనే కోర్టుకు దగ్గరగా ఆఫీసు. అక్కను కూర్చోబెట్టి నిదానంగా చెప్పాడు.

“జబ్బు పెళ్లికి ముందు లేదు, అత్తగారింట్లోనే మొదలయింది అని చెప్పు తల్లీ. ఆ ఒక్క మాట చాలు. కేసు మన చేతిలో ఉంటాది.”

“ముందు నుంచి ఉండాది సార్. ఆయనకు చెప్పినా నేను.”

నాయన ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగాడు. లాయరు మాత్రం కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అడిగాడు.

“ఎవరైనా విన్నారా?”

“లేదు సార్. మా చెల్లెలికి ఆ పొద్దే ఫోన్‌లో చెప్పినా.”

“చెల్లెలి మాట నిలబడదమ్మా. ఎవరూ వినకపోతే చెప్పనట్టే.”

బయటికి వచ్చాక నాయన రోడ్డు మీదే నిలబడి పళ్లు కొరికాడు. “చెప్పింటే వాడు చేసుకుంటాడా? నన్ను పిచ్చోణ్ని చేస్తాండావా? లాయరు చెప్పినట్ల చెప్పు, అంతే.”

సాక్ష్యం రోజు మొదట అతను బోనెక్కాడు. తనకు ఎవరూ ఏమీ చెప్పలేదన్నాడు. జబ్బు ఉందని తెలిస్తే చేసుకునేవాణ్నే కాదన్నాడు. చెప్తున్నంతసేపూ జడ్జి బల్ల మూల వైపే చూశాడు. తర్వాత అక్క. వాళ్ల లాయరు అడిగింది ఒకటే.

“ఈ జబ్బు పెళ్లికి ముందు ఉందా, లేదా?”

నాయన కూర్చున్న బెంచీ కదిలింది.

“ఉండాది సార్,” అంది అక్క. “చిన్నప్పటి నుంచి ఉండాది. పెళ్లికి ముందే ఆయనకు చెప్పినా. మా ఇంట్లో మగ్గం కాడ చెప్పినా. ఆయన ఒప్పుకున్నాడు.”

మొదటి ముక్క రాసుకున్నారు. రెండో ముక్కకు సాక్ష్యం లేదు. తీర్పు అతనివైపు వచ్చింది. అక్క చెప్పిన నిజంలో సగం ఆమె మీదే పనిచేసింది.

“కేసు చెడగొట్టినావు కదే,” అన్నాడు నాయన, కోర్టు మెట్ల దగ్గర. ఆ తర్వాత ఆయన అక్కతో నేరుగా మాట్లాడలేదు. తినమను, లేవమను, తలుపేసుకోమను అని అంతా అమ్మకు చెప్పేవాడు. అక్క ఎదురుగానే ఉండేది.

నాకు హిందూపురంలో ఉద్యోగం దొరకగానే చిన్న పోర్షన్ అద్దెకు తీసుకుని అక్కను తెచ్చుకున్నాను. నాకూ సంబంధాలు వచ్చాయి, పోయాయి. మధ్యవర్తి ఒకాయన చల్లగా చెప్పాడు, ఆ ఇంట్లో ఒక కేసు ఉండాదంట అని వెనక్కి పోతాండారమ్మా అని. ఇంకొకతను నేరుగా నన్నే అడిగాడు, మీ అక్క మీతోనే ఉంటుందా అని. ఉంటుంది అన్నాను. కాఫీ గ్లాసు కింద పెట్టి లేచాడు.

అక్క ఇంట్లో కూర్చుని పట్టుచీరల కొంగులకు కుచ్చులు కడుతుంది. మాత్రలు ఒక్క పూట మానదు. ఇన్నేళ్లలో మళ్లీ ఎప్పుడూ పడలేదు. ఆ డాక్టరు మొదట్లోనే చెప్పింది ఇంతే, ఒక్క పూట కూడా మానొద్దని. అది తలుచుకున్నప్పుడు నాకు ఎవరి మీద కోపం వస్తుందో చెప్పను.

ఒకరోజు దారాలు ముడి వేస్తూ అక్క అడిగింది.

“ఆస్పత్రిలో కేసన్నారు. కోర్టులో కేసన్నారు. వీధిలో కేసన్నారు. నువ్వు ఇంగ్లీషు చదివిండావు కదా, ఆ మాటకు అసలు అర్థమేమే?”

కాలేజీ లైబ్రరీలో పెద్ద నిఘంటువు తీసి చూశాను. లాటిన్‌లో పడిపోవడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చిందట. పడిపోవడం, అంటే మనిషికి వచ్చిపడేది, జరిగేది. అందులోంచే రోగికీ వచ్చింది, కోర్టుకూ వచ్చింది. వ్యాకరణానికీ అదే. నామవాచకం నిటారుగా నిలబడి ఉంటుందనీ, వాక్యంలో వేరే పనికి వంగినప్పుడు దాని స్థానం నుంచి పడుతుందనీ పాతకాలం వాళ్లు ఊహించుకున్నారట. మనవాళ్లు దానికి విభక్తి అని పేరు పెట్టారు, విభజించడం అని. ఇక సూట్‌కేసులోని కేసు ఈ మాటే కాదు. అది వేరే మాట నుంచి, పట్టి ఉంచే పెట్టె అనే అర్థం నుంచి వచ్చింది. ఇంగ్లీషులోకి వచ్చి రెండూ ఒక్కలా అయిపోయాయి.

ఇంటికొచ్చి అంతా చెప్పాను. అక్క కుచ్చు ముడి బిగించి, పళ్లతో దారం కొరికింది.

“అయితే సరిగ్గానే అన్నార్లే. పడినాను కదా.”

“అట్ల అనకే.”

“పడిండేది నేను. పడింటే లేపల్ల. పేరు పెడతారా?”

కిందటేడు క్లాసులో లేచి అడిగిన ఆ అమ్మాయికి కూడా మర్నాడు ఇందులో సగమే చెప్పాను. పడిపోవడం అనగానే మళ్లీ నవ్వులు వినిపించాయి. డస్టర్ తీసుకుని బోర్డు తుడిచేశాను.

నాయనకు కంటి ఆపరేషన్ అయిందని ఈమధ్య అమ్మ ఫోన్ చేసింది. చూసి వద్దామని ఇద్దరం ధర్మవరం బయలుదేరాం. సోమందేపల్లి దాటి పెనుకొండలో బస్సు ఆగింది. అక్క కిటికీ పక్కన కూర్చుంది. కింద టీ కొట్టు దగ్గర ఒక మనిషి గ్లాసు పట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు. జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది. అతనే. మళ్లీ పెళ్లి చేసుకున్నాడని విన్నాం. గ్లాసు పక్కన పెట్టి కిటికీ దగ్గరికి వచ్చాడు.

“బాగుండావా?”

“బాగుండా,” అంది అక్క.

“వస్తాండాయా ఇంకా?”

“రావు. మాత్రలు వేసుకుంటాండా.”

అతను తల ఊపాడు. పోతాడనుకున్నాను. పోలేదు.

“అప్పుడు మా అమ్మ ఒప్పుకోల్యా. నాకు ముందే తెలుసు అంటే నన్ను గూడా ఇంట్లో ఉండనిచ్చేది కాదు. చెప్పలేదనే చెప్పు అని అందరూ అన్నారు. నువ్వు చెప్పిండేది నాకు బాగా గుర్తుండాది. మగ్గం కాడ.”

వాతావరణం గురించి మాట్లాడినట్టు చెప్పాడు. నేను లేచి నిలబడ్డాను. నోటికి ఏం వచ్చేదో తెలియదు. అక్క నా చేయి పట్టి కూర్చోబెట్టింది. సంచిలోంచి ఫోన్ తీసి నంబరు నొక్కి, కిటికీ ఊచల మధ్య నుంచి అతని వైపు చాపింది.

“ఈ మాట మా నాయనకు చెప్పు.”

“ఇప్పుడెందుకమ్మా?”

“చెప్పు.”

అక్క గొంతు అంత గట్టిగా వినడం నాకు అదే మొదటిసారి. అతను చుట్టూ చూసి ఫోన్ అందుకున్నాడు. “మామా, నేను... పెనుకొండ నుంచి. మీ పాప నాకు పెళ్లికి ముందే చెప్పింది మామా. కోర్టులో నేనే అబద్ధం చెప్పినా.” అవతల ఏమన్నారో మాకు వినపడలేదు. ఫోన్ వెనక్కి ఇచ్చాడు.

“ఏమన్నాడు?”

“ఏమీ అనల్యా. పెట్టేసినాడు.”

బస్సు కదిలింది. అక్క జడ విప్పి మళ్లీ అల్లుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. దారిలో ఒక్కసారి నా వైపు వంగి, “ఈ పొద్దు నాయన పక్కన కూర్చొని అన్నం తింటా,” అంది. ఆమె ముఖంలో అంత వెలుగు చూసి నేను కిటికీ వైపు తిరిగాను.

నాయన నల్లకళ్లద్దాలు పెట్టుకుని ముందుగదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేత మానేసి చాలా రోజులైంది. మగ్గం గుంత మీద పలకలు కప్పారు. అమ్మ మంచినీళ్లు ఇచ్చింది. అక్క మంచం దగ్గర నేల మీద కూర్చుంది.

“నాయనా, ఫోన్ చేసినాడు కదా.”

“చేసినాడు.” ఇన్నేళ్ల తర్వాత ఆయన ఆమెకు నేరుగా చెప్పిన మొదటి మాట అది. “అయితే నువ్వు చెప్పిండేది నిజమే.”

“నిజమే నాయనా.”

ఆయన గడ్డం తడుముకున్నాడు. అద్దాల వెనక ఆయన కళ్లు మాకు కనపడలేదు.

“గడప దాటగూడదని అంత గట్టిగా చెప్పినా గదా నీకు. ఇన్ని రోజులూ కోర్టుకు బయపడి కత కట్టినావనుకుంటి. కాదన్నమాట. ఇంట్లో ఉన్నప్పుడే నా మాట కాలదన్నినావు.”

అమ్మ చేతిలోని చెంబు గోడకు తగిలి చప్పుడైంది. అక్క ఆయన వైపు తిరిగింది.

“నా మాత్రలు ఆపిండేది ఎవరు నాయనా?”

ఆ ప్రశ్న ఆమె నోటి నుంచి అంతకుముందెప్పుడూ రాలేదు. నాయన అమ్మ వైపు తల తిప్పి, “కంట్లో చుక్కలు వేసే టైమయింది, వెయ్యి,” అన్నాడు.

అక్క లేచింది. అమ్మ ఆమె చేయి పట్టుకుని అన్నం తిని పొమ్మంది. అక్క మెల్లగా చేయి విడిపించుకుని చెప్పులేసుకుంది. నేను ఆమె వెనకే వచ్చాను. బస్టాండులో ఇద్దరం ఇడ్లీ తిన్నాం. ఆమె ఏడవలేదు. కాస్త కారం ఎక్కువగా ఉంది చట్నీ అని మాత్రం అంది.

అప్పటి నుంచి అక్క ధర్మవరం పోలేదు. అమ్మే అప్పుడప్పుడూ ఒక్కతే బస్సెక్కి వస్తుంది, రెండు రోజులుండి పోతుంది. నాయన నాకు ఫోన్ చేసి కన్ను బాగా కనపడుతోందని చెప్తాడు. మంచిది నాయనా అని పెట్టేస్తాను.